మలుపులో ముత్యాలరాజు గారు

సోమవారం పొద్దున్న హెడ్‌మిస్ట్రెస్ ప్రసన్నకుమారి టీచరు పెట్టుకున్న పని ఒక్కటే: బడి ముందు మలుపులో కట్టిన ఫ్లెక్సీని తీయించడం. అమలాపురంలో ఆ మలుపు అసలే ఇరుకు. వార్డు నాయకుడు ముత్యాలరాజు గారి పుట్టినరోజు ఫ్లెక్సీ నేల నుంచి నిలువెత్తున నిలబడి, వచ్చే కారును పిల్లలకీ, పిల్లల్ని కారుకీ కనబడనివ్వడం లేదు. శనివారం ఒక కారు రెండో తరగతి తులసి పుస్తకాల సంచిని రాసుకుంటూ పోయింది. టీచరు గుండె ఇంకా కుదుటపడలేదు.

"ఆ ఫ్లెక్సీ వల్ల ఇబ్బందిగా ఉందండీ," అన్నారావిడ, రాజుగారింటికి వెళ్ళి.

ఫ్లెక్సీ వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందంటే, అది అందులో తమవాళ్ళ ఫొటో లేకపోవడం వల్లేనని రాజుగారికి తెలుసు.

"అయ్యయ్యో, పొరపాటైపోయిందండి! రేపటికల్లా సరిచేయించేస్తానండి."

"ఆయ్, చాలా సంతోషమండి."

మర్నాటికి ఫ్లెక్సీ రెండింతలైంది. కింది వరసలో టీచరు భర్త దానం గారు నవ్వుతున్నారు. ఆయన అప్పటికే దాన్ని ఫోనులో బంధువులందరికీ పంపేశారు.

"ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేసేను, ఒక్కడైనా నా ఫొటో వేసేడా? నాల్రోజులుండనీవే," అన్నారు.

అది చూసిన వీధివాళ్ళు ఊరుకుంటారా? తమవీ వేయమన్నారు. గురువారానికి ముఖాలు ఇరవై మూడయ్యాయి. 'మలుపు ఉన్నది, నెమ్మదిగా పోవలెను' అన్న బోర్డు కూడా వాటి వెనక్కి పోయింది. ఆ సాయంత్రమే ఓ కారు పిల్లల వరసకు మూరెడు దూరంలో కీచుమంటూ ఆగింది. టీచరు పిల్లల్ని గబగబా గేటు లోపలికి లాగేశారు. ఆ తరవాత కోపం వచ్చింది. కోపం వస్తే ఆవిడ మాట మరీ మెత్తబడుతుంది.

"మనసొప్పక వచ్చేనండి రాజుగారూ. తమరంతటివారిని నేలమీద కట్టేరేవిటండీ? మేకలు తమరి గెడ్డం నాకుతున్నాయండి. పక్క వార్డు ఆయన్ని రెండడుగులు పైన కట్టేరండి."

రాజుగారి ముఖం ఎర్రబడింది. "మనమెంత పైనుండాలంటారండీ?"

"తమరి స్థాయికి పన్నెండడుగులైనా ఉండద్దాండీ?"

"ఆయ్!"

గంటలో వెదుళ్ళు దిగాయి. ఫ్లెక్సీ కింది అంచు పన్నెండడుగుల పైకి లేచింది. శుక్రవారం పొద్దున్న బడి గేటు దగ్గర నిలబడితే కాలవ వంతెన దాకా రోడ్డు కనిపించింది. అంత దూరాన్నే పిల్లల్ని చూసిన కారు నెమ్మదించి, ఆగింది. తులసి చెయ్యి అడ్డంపెట్టి మహారాణిలా దాటింది. టీచరుకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. హెడ్‌మిస్ట్రెస్ కాబట్టి గంట కొట్టించి ఊరుకున్నారు.

మిగతా వార్డుల నాయకులు తామేం తక్కువ తిన్నామని తమవీ పైకెత్తించారు. నెల తిరిగేసరికి ఊళ్ళో మలుపులన్నీ కనిపించసాగాయి; నాయకులు మాత్రం మెడనొప్పి లేనివాళ్ళకే కనిపించారు.