మంత్రిగారు రంపం పట్టిన రోజు

ఇకపై అనకాపల్లి జిల్లాలో గూడు లేని పిట్ట ఉండకూడదని మంత్రిగారు ప్రకటించారు. బడిపిల్లలకి రంపం, సుత్తి, ఉలి పట్టడం నేర్పిస్తారట. వాళ్లు చెక్కపెట్టెలు చేసి చెట్లకి కడతారట. పిట్టలు వచ్చి చేరతాయట. పిట్టలకి కబురెవరు పెడతారో చెప్పలేదు. పెద్దవాళ్లు అన్నీ చెప్పరు.

ప్రారంభోత్సవం కశింకోట దగ్గర మా ఊరి హైస్కూల్లో. మైకు సెట్టు నాది కనక అంతా దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది.

పథకం అధికారి వరప్రసాదరావు గారు మహా ముందుచూపున్న మనిషి. పిల్లల చేతికి ఇనుమిస్తే వేలు తెగుతుంది, వేలు తెగితే పేపర్లో పడుతుంది, పేపర్లో పడితే ట్రాన్స్‌ఫరే. అందుకని పనిముట్లన్నీ ఏటికొప్పాకలో లక్కబొమ్మల్లా కర్రతో చేయించారు. ఎర్ర రంపం, పచ్చ సుత్తి, పసుపు ఉలి. చేసినవాళ్లు పాపం పసిపిల్లల ఆటకే అనుకున్నారు.

తొమ్మిదో తరగతి సిరి ప్రారంభోత్సవానికి ముందు వారంపాటు ఆ రంపంతో ఒకే చెక్క మీద కుస్తీ పట్టింది. స్టేజీ ముందున్న ఎండు తాటిమోడు తొర్రలో రామచిలక పిల్లల్ని పెట్టింది. మోడు ఎప్పుడు కొట్టేస్తారో తెలీదు. ఆలోగా ఒక్క పెట్టె చేసి వాటిని అందులోకి మార్చాలని ఆ పిల్ల ఆరాటం.

"సార్, ఇది తెగట్లేదండి."

"తెగితే డేంజరమ్మా. ముందు యాక్షన్ నేర్సుకో. కటింగు సెకండ్ లెవెల్లో వత్తాది," అన్నారు వరప్రసాదరావు గారు.

మంత్రిగారు వచ్చారు. రంపానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్లకద్దుకున్నారు. పిల్లలకి స్వయంగా కోసి చూపిస్తానన్నారు. ఎదురుగా తాటిమోడు కనిపించింది.

"స్టేజీకి అడ్డంగా ఉన్నాది. రెండు పన్లూ అయిపోతాయి."

సిరి పరుగెత్తుకొచ్చింది. "అయ్యగారూ, అందులో సిలక పిల్లలున్నాయండీ!"

"ఆటికోసమే గదమ్మా ఈ స్కీమంతా!"

సిరికి ఏడుపొక్కటే తక్కువ. అంతలో ఆమె చూపు మంత్రిగారి చేతిలోని ఎర్ర కర్ర రంపం మీద పడింది. వెంటనే పక్కకి తప్పుకుని, "కానివ్వండి సార్," అంది.

మంత్రిగారు కోశారు. కెమెరాలు మెరిశాయి. ఆయన చొక్కా తడిసింది, రంపం రంగు మోడుకి అంటింది, మోడు మాత్రం చలించలేదు. చిలక తల బయటపెట్టి చూసింది.

"ఏటయ్యా, ఇది కర్రా?" అని మంత్రిగారు అధికారి చెవిలో అడిగారు. మైకు నాది కనక ఊరంతా విన్నది.

"ఇనప రంపం అట్టుకొత్తానండి!" అంటూ అనుచరుడు కన్నబాబు వడ్రంగి కొట్టుకి పరుగెత్తి, నిజంగానే పట్టుకొచ్చాడు. సిరి వెళ్లి మోడుకి వీపు ఆనించి నిలబడింది.

"అయ్యగారూ, అది మోడుకొద్దండి. మాకిప్పించండి. పెట్టెలు సేసుకుంటాం."

కెమెరాలన్నీ చిలక మీదే ఉన్నాయి. మంత్రిగారు అది గమనించి మైకు అందుకున్నారు.

"పిచ్చిపిల్లా! మేం ఇచ్చింది నిజం రంపమే అయితే ఈ చిలక ఇప్పుడు ఉండునా?"

చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. వరప్రసాదరావు గారికి అక్కడికక్కడే శాలువా కప్పారు.

సాయంత్రం నేను వైర్లు చుడుతుంటే, వడ్రంగికి తిరిగివ్వాల్సిన రంపం ఏదని కన్నబాబు ఊరంతా వెతుకుతున్నాడు. సిరి బడిసంచీలోంచి ఏదో పొడుగ్గా బయటికొచ్చి ఉంది. అదేమిటని నేను అడగలేదు.