మధ్య ప్రాంతంలో దురద

ఈ వేసవి నుంచి రాష్ట్రంలో ఏ పౌరుడూ గోక్కోవలసిన అవసరం ఉండదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. చప్పట్లు కొట్టినంతసేపూ జనం చేతులు ఖాళీగా లేవు గనుక పథకం అప్పుడే ఫలితాలిస్తోందని కూడా ఆయన సెలవిచ్చారు.

వేదిక మీద చివరి కుర్చీలో ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల డాక్టరమ్మ కూర్చుని ఉంది. అసలు ఆ పథకం ఆవిడ బుర్రలో పుట్టిందే. ఎండా ఉక్కా పోటీ పడే ఆ ఊళ్లో ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గుమ్మం దగ్గరే తచ్చాడేవాళ్లు. ఇంజిన్ వేడి పక్కన పూటంతా కూర్చునే బస్సు డ్రైవర్లు, మందపాటి యూనిఫాంలో ఎండకి నిలబడే కాపలావాళ్లు, గాలాడని షెడ్డులో మిషన్ కుట్టే ఆడవాళ్లు. తలుపు మూస్తే గానీ నోరు విప్పరు. విప్పినా "ఒంట్లో బాగోలేదండీ" అంటారు, ఎక్కడో చెప్పరు. అప్పటికే మందుల షాపువాడిచ్చిన ఏదో మిక్సింగ్ క్రీం రాసేసి ఉంటారు. దాంతో రెండ్రోజులు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ తర్వాత మచ్చ తొడలకీ నడుముకీ పాకి, అక్కడే కాపురం పెడుతుంది.

ఒక్కొక్కరికీ గొంతు తగ్గించి చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఆవిడ ఒక కరపత్రం రాసింది. "గజ్జల్లో తామర వస్తే సిగ్గుపడకండి" అని దాని మొదలు. స్నానం చేశాక మడతల్లో తడి లేకుండా తుడుచుకోండి. వదులైన నూలు బట్టలు కట్టుకోండి. లోబట్టలు రోజూ మార్చి, ఉతికి ఎండలో ఆరేయండి. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడొద్దు. డాక్టరిచ్చిన మందు, మచ్చ పోయినా సరే, చెప్పినన్నాళ్లూ రాయండి. అంతకుమించి అందులో కవిత్వమేమీ లేదు.

మంత్రిగారి పీయే దాన్ని శ్రద్ధగా చదివాడు.

"మేటర్ సూపరండీ డాక్టరమ్మగారూ. కాకపోతే అట్ట మీద మంత్రిగారి ఫోటో వస్తుంది. అందులో ఆయన నవ్వుతుంటారు. ఆ నవ్వు కింద గజ్జలంటే..."

"మరేమనమంటారు?"

"తొడల సందు అందామంటే ఇంకా ఘోరం. 'శరీర మధ్య ప్రాంతం' అందాం. డిగ్నిఫైడ్‌గా ఉంటుంది."

తామర అన్న మాట చూసి బొమ్మలేసే ఆయన మంత్రిగారి చుట్టూ పువ్వులు వేసుకొచ్చాడు. పువ్వులు మంత్రిగారికి తెగ నచ్చాయి. అందుకని వాటిని ఉంచి, మాట తీసేశారు. ఫోటో ఇంకాస్త పెద్దదైతే నిండుగా ఉంటుందన్నారు. పెద్దది చేసేసరికి "శరీర" అన్న మాటకి చోటు చాల్లేదు.

ఇంటింటికీ అందిన కరపత్రంలో చివరికి మిగిలింది ఇది: "మధ్య ప్రాంతంలో దురద ఎక్కువ. అక్కడ చెమట, మురికి చేరతాయి. రోజూ కడిగి ఆరబెట్టాలి. అక్కడి బట్టలు ఇతరులు వాడరాదు. పట్టించుకోకపోతే చుట్టుపక్కలకి పాకుతుంది. ఇట్లు, మీ ఆరోగ్య మంత్రి."

చిక్కేమిటంటే, ఆ రాష్ట్రంలో ఉత్తర ప్రాంతం, దక్షిణ ప్రాంతం, వాటి నడుమ మధ్య ప్రాంతం ఉన్నాయి.

మధ్య ప్రాంతానికో నాయకుడున్నారు. ఏ ప్రసంగమైనా పౌరుషంతో మొదలుపెట్టి పౌరుషంతోనే ముగిస్తారు గనుక జనం ఆయన్ని పౌరుషంగారనే అంటారు. ఎన్నికల్లో ఓడిపోయాక దేని మీద మండిపడాలో తోచక ఇంట్లోవాళ్ల మీద మండిపడుతున్నారు. కరపత్రం చేతికందిన పొద్దున ఆయన ఇల్లాలు హమ్మయ్య అనుకుందట.

"మా ప్రాంతంలో మురికి చేరుతుందా? మమ్మల్ని కడిగి ఆరబెడతారా?" అని ఆయన నడిరోడ్డు మీద గర్జించారు. "మాకు దురద లేదు! మా తాతలకి లేదు! మా మనవలకి రాదు! న్యాయం జరిగేదాకా ఒంటి మీద బట్ట మార్చనని ప్రతిజ్ఞ చేస్తున్నాను!"

అక్కడే టెంటు వేశారు. కార్యకర్తలు బిగుతు జీన్సుల్లో, ఉక్కలో, రాత్రింబగళ్లు కదలకుండా కూర్చున్నారు. అందరూ ఒకే తువ్వాలుతో చెమట తుడుచుకుని ఐక్యత చాటారు. అవతల ఉత్తరంవాళ్లూ దక్షిణంవాళ్లూ ఊరుకుంటారా? "దురద నిధులన్నీ మధ్య ప్రాంతానికేనా? మాకు మాత్రం దురద లేదా?" అని బస్సులాపేశారు.

డాక్టరమ్మ పరుగున మంత్రిగారి దగ్గరికి వెళ్లింది.

"సార్, అది ఊరూ వాడా కాదండీ. ఒంట్లో భాగం. మీరొక్క మాట అంటే గొడవ చల్లారిపోతుంది."

"ఏ మాటమ్మా?"

"గజ్జలు."

మంత్రిగారు తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు. "సభలో ఆ మాట ఎలా అంటానమ్మా? ఆడవాళ్లు కూర్చుంటారు."

"నేనూ ఆడదాన్నే కదండీ."

"మీరు డాక్టరు. మీ లెక్క వేరు." పీయే వైపు తిరిగారు. "మధ్య ప్రాంతానికో ప్యాకేజీ ఇస్తే ఎంతలో తేలుతుందయ్యా?"

"ఒక సంస్థ, ఒక ఛైర్మన్, కార్లు, బిల్డింగు. కోట్లలో ఉంటుంది సార్."

"ఆ మాట అనడం కంటే చవకే. కానివ్వండి."

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఇంట్లో చెప్పులు విడిచి మంచం మీద కూలబడింది. ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు సంగతంతా విని ముక్కున వేలేసుకుంది. "ఇదేం రోగమే తల్లీ! ఒంట్లో ఉన్నదాని పేరు చెబితే ప్రభుత్వం పడిపోయేట్టుందే!"

"పడిపోదు అత్తయ్యా. నన్ను పడేస్తారు," అంది కోడలు. రేపు గదిలోకి వచ్చేవాళ్లకి ఏం చెప్పాలో తలుచుకుంటే ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

శాసనసభ ఒకే పూటలో రెండు చారిత్రక నిర్ణయాలు తీసుకుంది. మధ్య ప్రాంతంలో ఎవరికీ దురద లేదని మొదటి తీర్మానం. మధ్య ప్రాంత దురద నివారణ సంస్థ పెట్టి, అక్కడివాళ్లకి మాత్రమే ఉచితంగా మందివ్వాలని రెండోది. రెండింటికీ బల్లలు ఒకేలా చరిచారు. పౌరుషంగారు ఛైర్మన్ అయ్యారు. డాక్టరమ్మని పెద్దాసుపత్రి నుంచి తప్పించి అక్కడ వేశారు. ఆర్డరులో దాన్ని ప్రమోషన్ అన్నారు.

సంస్థ ఆఫీసు చూడముచ్చటగా ఉంది. అద్దాల తలుపులు, ఏసీ, మంత్రిగారిది గోడంత ఫోటో, గది నిండా క్రీం పెట్టెలు. మొదటిరోజే ఒక బస్సు డ్రైవరు కాళ్లు ఎడంగా వేసుకుంటూ వచ్చాడు.

"ఏ ప్రాంతం నాయనా?" అన్నారు పౌరుషంగారు.

"ఇక్కడివాణ్ణే సార్. మధ్య ప్రాంతం."

"అయితే నీకు దురద లేదు."

"ఉంది సార్. సీట్లో కూర్చోలేకపోతున్నాను. రాత్రిళ్లు కునుకు పట్టట్లేదు."

"సభ ఏకగ్రీవంగా లేదంటే, నువ్వొక్కడివీ ఉందంటావా? పౌరుషం లేదూ?"

అతని వెనకే మిషన్ కుట్టే ఒకామె వచ్చింది. ఆమెది ఉత్తర ప్రాంతం. దురద ఉండవచ్చు గానీ మందు ఇవ్వడానికి వీల్లేదని ఆమెకి మర్యాదగానే చెప్పి పంపారు.

డాక్టరమ్మ మెట్లదాకా వాళ్ల వెనకే వెళ్లి, గొంతు తగ్గించి, ఎలా తుడుచుకోవాలో, ఏం కట్టుకోవాలో, ఏం రాయకూడదో చెప్పింది. ఏ మందు కొనాలో చీటీ మీద రాసిచ్చింది. పక్కనే గది నిండా ఆ మందే ఉంది.

మిగతావాళ్లదీ అదే వరస. ఏడాది తిరిగేసరికి సంస్థ చికిత్స చేసిన రోగుల సంఖ్య సున్నా. ఈ సున్నా ఊరికే వచ్చింది కాదని, దీని వెనక ఎంతో కృషి ఉందని మంత్రిగారు పొగిడారు. వ్యాధిని సమూలంగా నిర్మూలించినందుకు పౌరుషంగారికి శాలువా కప్పారు. సన్మానం జరిగినంతసేపూ ఆయన నిలబడే ఉన్నారు. కుర్చీ చూపించినా, ప్రజాసేవకుడికి కుర్చీ ఎందుకని వద్దన్నారు. పత్రికలు ఆ నిరాడంబరతని మెచ్చుకున్నాయి.

సన్మానమై జనం వెళ్లిపోయాక ఆయన శాలువాతోనే డాక్టరమ్మ గదిలోకి వచ్చారు. తలుపు దగ్గరగా వేశారు. బయట ఎవరైనా ఉన్నారేమోనని మళ్లీ తెరిచి చూసి, గడియ పెట్టారు.

"అమ్మా, ఒంట్లో కాస్త బాగోలేదు."

"కూర్చోండి."

"నిలబడే చెబుతాను." శాలువా కొసలు ముందుకి లాక్కున్నారు.

ఎక్కడని ఆవిడ అడగలేదు. "చాన్నాళ్లయిందా?"

"చాన్నాళ్లే."

"ఏమైనా రాశారా?"

"షాపువాడు ఏదో ఇచ్చాడు. మొదట్లో బాగానే ఉండింది."

ఆవిడ నిట్టూర్చి, పెట్టె తెరిచి ఒక క్రీం గొట్టం తీసింది. మందు బయటికి వెళ్లాలంటే వివరాలు రాయాలి. పేరు వద్దన్నారు, వదిలేసింది. వయసు అడిగింది, చెప్పారు.

"ప్రాంతం?"

పౌరుషంగారు కిటికీలోంచి వీధిలోకి చూశారు. అక్కడ ఆయన కటౌట్ చెయ్యెత్తి నిలబడి ఉంది.

"ఉత్తరం అని రాయండమ్మా," అన్నారు.