వీపు చూపని ఫ్యాన్లు

“గాలి ఎటు నుంచి రావాలో, ఎటు పోవాలో నిర్ణయించే అధికారం ఇంటి యజమానిదే!” అని సూపరింటెండెంటుగారు ప్రకటించారు.

ఇంటి యజమాని అంటే ఆయనే. గాలి అంటే, హాలు నడుమ స్టూలెక్కి కొలువుదీరిన గాజు కంప్యూటర్ పెట్టెలోని గాలి. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎదురుగా నిలబడింది ఆయన భార్య. ఆ కంప్యూటర్ మీద ఇళ్ళ బొమ్మలు గీసి సంపాదించేది ఆవిడే కనుక, ఆవిడ అభిప్రాయం అడగాలని ఆయనకు తోచలేదు.

ఫ్యానుకు రెండు వైపులుంటాయి. ఒకటి నున్నగా, రంగు దీపాలతో ముస్తాబై ఉంటుంది. రెండోవైపు అడ్డకమ్మీలు, తీగలు, కంపెనీవాడి స్టిక్కరు. గాలి ముస్తాబు వైపు నుంచి దూరి, కమ్మీల వైపు నుంచి బయటపడుతుంది. అందుకని ముందున్న రెండు ఫ్యాన్లూ చల్లగాలిని లోపలికి లాగాలి, వెనకదీ పైదీ వేడిగాలిని బయటికి తోలాలి. అలా బిగిస్తే చివరి రెండూ చూసేవాళ్ళకి వీపు చూపిస్తాయి. సూపరింటెండెంటుగారి ప్రాణం సరిగ్గా అక్కడే విలవిల్లాడింది.

“సాయంత్రం అక్కా బావగారూ వస్తుంటే వాళ్ళకి వీపు చూపిస్తామా? మర్యాద అనేది ఒకటి ఏడ్చింది కదా! నాలుగూ ముఖమే చూపించాలి.”

“అప్పుడు నాలుగూ లోపలికే ఊదుతాయండీ. వేడి ఎటు పోతుంది?”

“దాని దారి అది చూసుకుంటుంది! బావగారింట్లో నాలుగూ ముఖమే చూపిస్తున్నాయి. రెండేళ్ళుగా ఆ పెట్టె ఒక్కసారి కూడా వేడెక్కలేదట! సదరు ఏర్పాటునే ఇక్కడా అమలు చేయడమైనది. చర్చ ముగిసింది.”

చర్చతోపాటు కంప్యూటర్ పని కూడా ముగిసింది. బిల్డరు అడిగిన మేడ బొమ్మ సగం తయారయ్యేసరికి పెట్టె పెనంలా కాలి టప్పున ఆరిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ ఆరింది. బొమ్మ సాయంత్రంలోగా రాకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని బిల్డరు పొద్దున్నే కచ్చితంగా చెప్పాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పెట్టె చల్లబడదు గనక కోపం తెచ్చుకుంది.

“ఏమండీ, ఒక్క ఫ్యానైనా తిప్పనివ్వండి. నా పని పోతుంది.”

“పని ఇవాళ పోతే రేపొస్తుంది. పరువు అలాక్కాదు!” అని ఆయన తలుపులకు కొత్త తెరలు కట్టించడానికి బజారుకెళ్ళారు.

ఆయనటు వెళ్ళగానే ఆవిడ అటక మీంచి పాత కంప్యూటర్ రేకు డబ్బా దింపింది. అందులో ఎప్పుడో చచ్చిపోయిన బోర్డొకటి ఉంది. గాజుపెట్టెలోని బతికున్న సరుకంతా రేకు డబ్బాలోకి, డబ్బాలోని శవం గాజుపెట్టెలోకి మారాయి. దీపాలు వెలిగి ఫ్యాన్లు తిరిగేందుకు తీగలు మాత్రం వదిలింది. రేకు డబ్బాను వెనకగదిలో కిటికీ పక్కన పెట్టి, దాని ఫ్యానును నిస్సిగ్గుగా వీపు బయటికి చూపించేలా బిగించింది. వేడి బుస్సుమని బయటికి పోయింది. బొమ్మ చకచకా కదిలింది.

సాయంత్రం చుట్టాలొచ్చారు. బావగారు గాజుపెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అద్దానికి ముక్కు ఆనించి చూశారు.

“అబ్బ! ఏం బోర్డయ్యా బావమరిదీ! జీవకళ ఉట్టిపడుతోంది!”

“చెయ్యి పెట్టి చూడండి బావగారూ!”

“మంచుగడ్డే!”

చచ్చినదానికి వేడెక్కడిది? సూపరింటెండెంటుగారు ఆనందంతో రెండంగుళాలు పొడుగు పెరిగారు. “కంప్యూటర్ తెర వెయ్యరేం?” అని పెట్టెను చూడ్డానికొచ్చిన పక్కింటాయన అమాయకంగా అడిగాడు. సూపరింటెండెంటుగారు కంగారుపడేలోపే బావగారు ఆదుకున్నారు.

“తెర ఎవరైనా చూస్తారండీ! తెలిసినవాళ్ళు గాలి చూస్తారు.”

అందరూ తెలిసినవాళ్ళే కనుక కాసేపు నిశ్శబ్దంగా గాలి చూశారు.

ఇంతలో బిల్డరు ఫోను. మేడ బొమ్మ అందిందట, బ్రహ్మాండంగా ఉందట, ఇకమీదట పనులన్నీ ఆవిడకేనట! ఆవిడ హాల్లోకి వచ్చి చెప్పేసరికి సూపరింటెండెంటుగారు ఛాతీ విరిచారు.

“చూశారా? అంతా నేను చేయించిన గాలి ఏర్పాటు! నువ్వు వెనకగదిలో కూర్చుంటే పెట్టె ఇక్కణ్ణుంచి పని చేసిపెట్టిందన్నమాట!”

“అవునండీ. తీగ లేకుండా!” అంది ఆవిడ.

“ఆ సదుపాయం కూడా నేను పెట్టించిందే,” అన్నారాయన తడుముకోకుండా.

ఆవిడ నవ్వాపుకుంటూ వెనకగదిలోకి పారిపోయింది. అక్కడ వదిన నిలబడి ఉంది! మంచినీళ్ళకని వచ్చి, బుస్సుమంటున్న రేకు డబ్బాకేసి తేరిపార చూస్తోంది. ఆవిడ గబగబా వెళ్ళి డబ్బాకు అడ్డంగా నిలబడింది. అంత పెద్ద నిపుణుడి భార్య! ఇప్పుడే హాల్లోకెళ్ళి చెప్పేస్తే మొగుడి పరువూ తన సంసారమూ ఏం కాను?

“వదినా, అది... పాతది... ఊరికే...”

వదిన తలుపు దగ్గరగా వేసింది. “గాజుపెట్టెలో ఏం పెట్టావమ్మాయ్?”

“చచ్చిన బోర్డు,” అంది ఆవిడ పీలగా.

“నయం, నీకు బోర్డన్నా దొరికింది. నేను పాత రేడియో విప్పి పెట్టాను.” వదిన కొంగు నోట్లో కుక్కుకుని మంచమ్మీద కూలబడింది. “మా అసలుది మంచం కింద ఉంటుందే! నా ట్యూషన్ పిల్లల పాఠాలన్నీ దాని మీదే. రెండేళ్ళయింది!”

ఇద్దరూ ఒకరి భుజమ్మీద ఒకరు పడి, చప్పుడు బయటికి పోకుండా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు.

హాల్లోంచి బావగారి గొంతు ఖంగుమంది. “మా పెట్టె రెండేళ్ళుగా ఒక్కసారైనా వేడెక్కితే ఒట్టు!”

వదిన కళ్ళు తుడుచుకుంది. “పాపం, మీ అన్నయ్యగారు ఒక్క ముక్క అబద్ధమాడరమ్మా!”