రాజారత్నం గారి వేగాభివృద్ధి

"దేశం ముందుకు సాగాలంటే సైకిలు వేగం పెరగాలి!"

ఈ మాటన్నది మా ఆఫీసరు రాజారత్నం గారు. 2006 పెట్రోలు పొదుపు వారోత్సవాల్లో, ఆఫీసు జీపు దిగుతూ అన్నారు.

అప్పటికి వారం క్రితమే ఆయన మద్రాసు నుంచి విదేశీ సైకిలు తెప్పించుకున్నారు. దాని మీద ఎంత దూరం తొక్కినా నడుం నొప్పి పుట్టదట. వేగం మాత్రం అంతంత మాత్రమే! అయినా బందరు నుంచి గుడివాడకు రెండు గంటల్లో చేరతానని పేపరు వాళ్ళకు చెప్పేశారు.

నేను ఆ ఆఫీసులో గుమాస్తాని. మా ఆవిడ సరోజిని గుడివాడలో టీచరు. నా బదిలీ అర్జీ నాలుగేళ్ళుగా సారు బల్ల మీదే కాపురముంటోంది.

"రికార్డు పడనివ్వవయ్యా, నీ బదిలీ ఆర్డరు మీద సంతకం పెట్టేస్తా" అన్నారాయన. ఇక ఆ సైకిలు పరుగెత్తాలని ఆయనకన్నా నేనే ఎక్కువ మొక్కుకున్నాను.

'వేగాభివృద్ధి' అని ఫైలు తెరిచాం. సన్న టైర్లు వేయించాం. హ్యాండిల్ కిందికి దించాం. ఆయన ముచ్చటపడి పెట్టించుకున్న బెల్లు, స్టాండు ఊడదీశాం. గాలి పంపు, పంక్చరు సామాను కూడా బరువేనని తీసి పక్కన పెట్టాం. మెకానిక్ శివరామయ్య సైకిలు ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.

"ఇది తొమ్మిది కిలోలుందండీ. తమరెంతండీ?"

"తొంభై ఆరు."

"మరి తగ్గించాల్సింది సైకిల్లో కాదేమోనండీ!"

ఈ అభిప్రాయం ఫైలుకెక్కలేదు.

దారిలో ఉన్న మా కింది ఆఫీసులన్నిటికీ సర్క్యులర్ నేనే రాశాను. స్వాగత ఏర్పాట్లు తగు రీతిన చేయవలెను. గుడివాడలో మొదట వచ్చు సైకిలును ఆపి, శాలువా కప్పి, తక్షణం టైము నమోదు చేయవలెను. సారు రెండుసార్లు చదివి మురిసిపోయారు.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి ప్రయాణం. కొత్త బండికి పూజ లేకుండా కదులుతారా? చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కి మూర బంతిపూల దండ, మిరపకాయల దిష్టితాడు! ఊడదీసిన బరువు సగం అక్కడే తిరిగొచ్చింది. నేను వాచీ చూసుకుంటూ మోపెడ్ మీద వెనకాలే బయల్దేరాను.

పెడన ఇవతల చేపల రాంబాబు కనిపించాడు. రోజూ గిలకలదిండి రేవు నుంచి గుడివాడ బజారుకు చేపలు తీసుకెళ్తాడు. సైకిలు వాళ్ళ నాన్న నాటిది. వెనక పెట్టెలో నలభై కిలోల చేపలు, పైన ఐసు. సారు అతన్ని సర్రున దాటేశారు.

"చూశావా వేగం!" అన్నారు.

పెడనలో మా వాళ్ళు ఆపారు. దండ, శాలువా, కొబ్బరినీళ్ళు, ఉపన్యాసం. రాంబాబు బెల్లు కొట్టుకుంటూ ముందుకెళ్ళిపోయాడు.

"వద్దనండి సార్, టైమైపోతోంది!"

"కప్పే శాలువాని వద్దంటే మర్యాదగా ఉంటుందటయ్యా?"

కవుతరంలోనూ అంతే. గుడ్లవల్లేరు వాళ్ళకు భక్తి మరీ ఎక్కువ. సన్మానపత్రం చదివి, చక్రం ముందే కొబ్బరికాయ కొట్టారు. పెంకు గుచ్చుకుని సన్న టైరు ఉస్సురంది. పంపు, పంక్చరు సామాను బందరులో క్షేమంగా ఉన్నాయి!

చివరికి సారు మూడు శాలువాలతో, భుజాన సైకిలుతో నా మోపెడ్ వెనక ఎక్కారు. పెట్రోలు పొదుపు మాట ఇద్దరం ఎత్తలేదు.

మేం గుడివాడ చేరేసరికి మేళం వాళ్ళు ఇడ్లీలు తింటున్నారు. అక్కడి గుమాస్తా లక్ష్మీకాంతం రిజిస్టరుతో ఎదురొచ్చాడు.

"మొదటి సైకిలు ఏడూ యాభై ఐదుకే వచ్చేసిందండీ. శాలువా కప్పేశాం."

"ఎవరికయ్యా?"

"చేపలతనికండీ. 'ఐసు కరిగిపోతోంది బాబూ, తొందరగా కానివ్వండి' అన్నాడు. సర్క్యులర్‌లో సైకిలనే ఉందండీ, మనిషి పేరు లేదు!"

నా బదిలీ గల్లంతే అనుకున్నాను. సారు మాత్రం రిజిస్టరు లాక్కుని చూశారు. టైము ఉంది, పేరు లేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"రాయవయ్యా" అన్నారు నాతో.

ఆయన పేరు రాశాను. సిగ్గులేకుండా రాశాను! సరోజిని గుర్తొచ్చి చెయ్యి ఆగలేదు.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. నాగాయలంకకి! గుడివాడ ఒక దిక్కు, అది ఇంకో దిక్కు, దివిసీమ చివర.

"సముద్రపు గాలి ఒంటికి మంచిదయ్యా" అన్నారు సారు. నిజం తెలిసినవాడు దగ్గరుంటే ఎవరి ఒంటికి మంచిది?

పోయేముందు ఒక పని అప్పజెప్పారు. రాంబాబుకు పొరపాటున కప్పిన శాలువా ప్రభుత్వ సొత్తట. ఆ సాయంత్రం సన్మాన సభలో దాన్నే సారుకు కప్పాలట. వెళ్ళి అడిగాను. రాంబాబు నొచ్చుకుంటూ చేపల పెట్టె మీంచి తీశాడు.

"వారం నుంచి ఐసు మీద కప్పుతున్నానండీ. ఉతికించి ఇయ్యమంటారా?"

"వద్దులే రాంబాబూ, ఉన్నదున్నట్టే ఇయ్యి."

సభలో చప్పట్ల మధ్య పై అధికారి ఆ శాలువా కప్పారు. కప్పినాయనే ముందు తుమ్మారు. తర్వాత మొదటి వరసలో చేతిరుమాళ్ళు పైకి లేచాయి. సారు పక్క కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

సారు నన్ను సైగ చేసి పిలిచారు. "ఏమిటయ్యా ఈ కంపు?"

"తమరి రికార్డుదండీ" అన్నాను.