పలువరసకు పుట్టుపూర్వోత్తరాలు

మనిషి నోరు అతని సొంతం కాదనీ, అది తాతముత్తాతల ఉమ్మడి ఆస్తి అనీ దంతశాఖ వారు తేల్చేసి చాలాకాలమైంది.

ఆ సంగతి తెలియని చెప్పుల కొట్టు ఆసామి ఒకడు తన పెద్దకూతురిని పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అప్పటికి అతని చేతిలో ఉన్న సరుకు: గట్టి పళ్ళున్న ఒక పిల్ల, పక్క పన్ను మీదికెక్కి కూర్చున్న ఒక కోరపన్ను. దాని మూలాన పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వదు. పళ్ళను సర్దే తీగ వేయిస్తే ఆ చెయ్యి దిగుతుందని అతని లెక్క.

పిల్ల నోరు తెరిచింది.

"మూసుకోమ్మా, ముందు ఫైలు చూడాలి," అన్నాడు దవడల వర్గీకరణాధికారి. (నోరు చూస్తే పక్షపాతం వస్తుందని నియమం.) ఆయన వెనక జాతికొకటిగా మూడు పెట్టెలున్నాయి. కొండజాతికి ముందుకు మొన తేలిన కోసు తీగ, మైదానం జాతికి గుండ్రటి తీగ, తీరం జాతికి చదరపు తీగ.

"మీరేవిటి?"

"నేను కొండ సార్. మా ఆవిడ తీరం."

అధికారి కలం కింద పెట్టాడు. "పెళ్ళికి ముందు పిల్లల దవడల గురించి ఆలోచించుకోవద్దటండీ?"

"అప్పుడు ఆవిడ నవ్వు కనిపించింది గానీ దవడ కనిపించలేదు సార్. అయినా పిల్ల నోరు ఎదురుగానే ఉంది కదా, కొలుచుకోండి."

"వేలమందివి కొలిచి సగటు తీశామండీ. మళ్ళీ మీ అమ్మాయిది కొలిస్తే సగటుని అనుమానించినట్టవుతుంది."

బేరాల్లో తల పండిన ఆసామి మధ్యేమార్గం పట్టాడు. "పోనీ, పై దవడ నా పేర రాయండి. కింది దవడ వాళ్ళమ్మ పేర."

అధికారి ముఖం విప్పారింది. పంపకం న్యాయంగా ఉంది. వెంటనే సంతకం చేశాడు.

ఏడాది తిరిగేసరికి కోరపన్ను దిగింది. పై వరస కోసుగా, కింది వరస చదరంగా కుదిరాయి. దేనికది ముచ్చటగా ఉంది. ఒకదానితో ఒకటి కలవవు, అంతే.

"నాన్నా, రొట్టె తెగట్లేదు," అంది పిల్ల.

ఈసారి అధికారి ఎంతో ఉత్సాహంగా నోరు కొలిచాడు. మిశ్రమ జాతి వారి పలువరసలు పుట్టుకతోనే కలవవని ఇన్నాళ్ళకు రుజువు దొరికిందంటూ ఆసామి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అక్కడికక్కడే నాలుగో పెట్టె తెరిపించాడు: పైకి కోసు తీగ, కిందికి చదరపు తీగ.

ఆఖరి లెక్క ఇదీ. పోయింది ఒక వంకర. వచ్చింది శాస్త్రానికి ఒక కొత్త జాతి, ఆసామికి ఒక ప్రశంసాపత్రం. చిన్నకూతురి పళ్ళకు ఏ వంకరా లేదు. ఆ లోపం సరిచేయడానికి ఆమెకు నాలుగో పెట్టెలోంచి తీగ ఉచితంగా కేటాయించారు.