ఐసక్క ఫ్రీజర్‌కు లీకు ప్రదర్శన

భూమి వేడెక్కుతోందని భూమికి ఎప్పుడు తెలిసిందో గాని, అధికారికంగా తెలిసింది మాత్రం శీతల వాయు విక్రయ నియంత్రణ కార్యాలయం తెరిచిన రోజునే. ఫ్రిజ్‌లోనూ ఏసీలోనూ తిరిగే గ్యాస్ బయటపడి గాల్లో కలిస్తే వేడిని పట్టి ఉంచుతుంది. కనుక దాన్ని ఎవరు పడితే వారు కొనకూడదు, ఎవరికి పడితే వారికి అమ్మకూడదు. ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. ఐసక్క కూడా ఒప్పుకుంది. ఆ రోజుకి ఆమె ఫ్రీజర్ పనిచేస్తూనే ఉంది.

నిబంధనల్లో ముఖ్యమైనది ఒక్కటే. పాత గ్యాస్ తెచ్చి అప్పగించినవారికే కొత్త గ్యాస్. (వంటగ్యాస్‌కు పాత బండ ఇచ్చి కొత్త బండ తీసుకుంటున్నాం కదా, ఇదీ అంతే అని నిబంధన రాసినవారి ఉద్దేశం. తేడా ఒకటుంది. అక్కడ ఖాళీ బండ తీసుకుంటారు. ఇక్కడ ఖాళీది చెల్లదు.)

ఐసక్క బడి ఎదురుగా ఐస్‌క్రీమ్ దుకాణం నడుపుతుంది. ఆమె అసలు పేరు దుకాణం లైసెన్సు మీద ఉంది గాని దాన్నెవరూ చదవలేదు. ఆమె ఇల్లు ఏడాదంతా నడిచేది వేసవి అమ్మకం మీద. ఎండలు ముదిరి, సరుకు దిగిన మర్నాడే ఫ్రీజర్ చల్లబడటం మానేసింది. ఆమె తమ్ముడు ఫ్రిజ్ మెకానిక్. వచ్చి వెనకవైపు రాగి గొట్టానికి సబ్బు నురగ రాశాడు. ఒకచోట బుడగ లేచింది. లోపల మిగిలిన కాస్త గ్యాస్ అదే. కన్నం దొరికింది, అతుకు వేశాడు.

“అతుకేశానక్కా. ఇక గ్యాస్ పట్టాలి.”

“పట్టు మరి. నా మొహం చూస్తావేం?”

“నా దగ్గరెక్కడుంది? ఆఫీసుకెళ్ళాలి.”

“ఆఫీసుకా! కరిగిపోయేలోగా తిరిగొస్తామంటావా?”

“ఏది, ఐసా? నువ్వా?”

సరుకంతా మందుల షాపు బాబాయి ఫ్రిజ్‌లోకి చేరింది. ఇన్సులిన్ పక్కన వెనీలా సర్దుతూ ఆయన, “ఉంచుతానమ్మా, కాదనను. ఎక్కువ రోజులైతే మాత్రం నా మందులకీ పిల్లలే వస్తారు,” అన్నాడు.

నియంత్రణ కార్యాలయంలో ఏసీ చలికాలాన్ని గుర్తుచేసే స్థాయిలో ఉంటుంది. (ఆలోచించాల్సిన వారి తల చల్లగా ఉండాలన్న కారణం మీద కార్యాలయాన్ని నిబంధనల నుంచి మినహాయించారు.) కిటికీ దగ్గర గుమాస్తా స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాడు. క్యూలో నిలబడిన వారిలో సగం మందికి గ్యాస్‌తో పనిలేదు. చల్లదనం కోసం వస్తారు. తమ వంతు రాగానే మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడతారు.

“పాత గ్యాసేదీ?” అన్నాడు గుమాస్తా.

“లీకైంది సార్,” అన్నాడు తమ్ముడు.

“అయితే అదే తీసుకురండి.”

“పైకెళ్ళిపోయింది సార్.”

గుమాస్తా పైకి చూశాడు. పైన సీలింగు ఉంది. “ఆకాశం మా పరిధి కాదండీ. అది వేరే శాఖ.”

“అయ్యా, గ్యాస్ పోయింది కాబట్టేగా గ్యాస్ అడుగుతున్నాం,” అంది ఐసక్క. “ఉంటే మీ గుమ్మమెందుకు తొక్కుతాం?”

“ఉన్నవాళ్ళే వస్తున్నారమ్మా. వాళ్ళతో మాకే ఇబ్బందీ లేదు.”

అది నిజం. బాగా పనిచేస్తున్న ఫ్రిజ్‌లోంచి గ్యాస్ తీసి, అప్పగించి, అంతే గ్యాస్ తీసుకెళ్ళి, అదే ఫ్రిజ్‌లో పట్టించుకున్నవారు చాలామంది ఉన్నారు. కార్యాలయం దృష్టిలో వీరు బాధ్యత గల వినియోగదారులు.

“పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. అట్లా ఉంది మీ వరస!”

“పెళ్ళిళ్ళ నమోదు పక్క బిల్డింగులోనమ్మా,” అన్నాడు గుమాస్తా. వెటకారం కాదు. నిజంగానే పక్క బిల్డింగు.

అయితే నిబంధన రాసినవారు రాతి గుండెల వారేమీ కాదు. లీకు బాధితులకు ఒక వెసులుబాటు ఉంచారు. వాయు పరిశీలకుడు స్వయంగా వచ్చి, లీకును కళ్ళారా చూసి ధ్రువీకరిస్తే, పాత గ్యాస్ లేకపోయినా కొత్తది ఇవ్వవచ్చు.

పరిశీలకుడు వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

“ఏదమ్మా లీకు?”

“అతుకేశాను సార్,” అన్నాడు తమ్ముడు.

“ఎందుకేశావయ్యా?”

“లీకవుతోందని.”

“అదేగా నేను చూడాల్సింది!”

తమ్ముడు తల గోక్కున్నాడు. “పోనీ, అతుకు ఊడదీయమంటారా?”

“ఊడదీస్తే కన్నం కనిపిస్తుంది. కన్నం వేరు, లీకు వేరు. కారడానికి లోపల ఏదైనా ఉంటేనే దాన్ని లీకంటారు.” పరిశీలకుడు ఐసక్క మొహం చూసి గొంతు తగ్గించాడు. “కంగారు పడకమ్మా. మీలాంటి వాళ్ళ కోసమే ప్రదర్శన గ్యాసని ఒకటుంది. నేను రాయిస్తాను.”

చెప్పినట్టే రాయించాడు. చిన్న సిలిండర్ ఒకటి కార్యాలయం వాహనంలో, కాపలాతో, దుకాణం ముందు దిగింది. ఐసక్క దాన్ని చూసి దండం పెట్టినంత పనిచేసింది.

“ఇంకేం సార్! ఇది ఫ్రీజర్‌లో పట్టేస్తే అయిపోయేదానికి ఇన్నాళ్ళూ తిప్పారా?”

“అమ్మమ్మా! ఇది ప్రదర్శన గ్యాసు. దీంతో చల్లబరిస్తే నేరం.”

“మరి దీన్నేం చేస్తారు?”

“వదిలేస్తాం.”

“ఎక్కడికి?”

పరిశీలకుడు వేలు పైకెత్తాడు. ఆకాశం ఆయన పరిధి కాదు గనక చూపించడానికి అభ్యంతరం లేదు.

తమ్ముడు తన చేత్తో వేసిన అతుకును తన చేత్తోనే ఊడదీశాడు. గ్యాస్ పట్టాడు. లీకు సహజంగా కనిపించాలన్నది నియమం గనక మోటారు కూడా ఆన్ చేశాడు. గొట్టానికి రాసిన సబ్బు నురగలో బుడగలు లేచాయి. పరిశీలకుడు ఫొటోలు తీశాడు. ఒక బుడగను సాక్ష్యంగా సీలు వేయాలని చూశాడు గాని కుదరలేదు.

ఈలోగా ఫ్రీజర్ లోపలి గోడ మీద మంచు పొడి పట్టింది. ఐసక్క అరచెయ్యి ఆనించి చూసింది.

“ఒరేయ్, చల్లబడుతోందిరా! ఆపరా, ఆ కన్నం మూసెయ్! ఈపాటి గ్యాస్ ఉన్నా ఈ వారం గట్టెక్కుతాను.”

తమ్ముడు అతుకు సామాను అందుకున్నాడు. పరిశీలకుడు చెయ్యి అడ్డం పెట్టాడు. “ప్రదర్శన మధ్యలో మరమ్మతు కుదరదయ్యా. మొదట్నుంచి మళ్ళీ చెయ్యాల్సొస్తుంది.”

ముగ్గురూ నిలబడి గ్యాస్ అయిపోయేదాకా చూశారు. పరిశీలకుడు నివేదికలో ‘లీకు నిజమే’ అని రాసి, కింద ‘ప్రదర్శన సమయంలో యంత్రం ప్రమాదవశాత్తూ చల్లబడింది, వెంటనే సర్దుకుంది’ అని చేర్చాడు.

ధ్రువపత్రం పట్టుకుని అక్కాతమ్ముళ్ళు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళారు. గుమాస్తా చదివి సంతోషించాడు.

“లీకు రుజువైంది. మీకు గ్యాస్ మంజూరైంది. కాకపోతే ఈ వేసవికి మీ దుకాణం కోటా అయిపోయింది.”

“నేనెప్పుడు వాడానయ్యా?”

“ప్రదర్శనలో.”

“అది మీరే వదిలేశారుగా!”

“మీ పేరు మీదేగా వదిలాం. వానలు మొదలయ్యాక రండమ్మా, అప్పటికి రద్దీ కూడా ఉండదు.”

“వానల్లో నా ఐసెవడు తింటాడు?”

ఆ ప్రశ్న ఏ శాఖ కిందికి వస్తుందో చూడటానికి గుమాస్తా శాఖల జాబితా తిరగేశాడు.

ఆ మధ్యాహ్నం మందుల షాపు బాబాయి కబురు పెట్టాడు. ఇన్సులిన్ లోడు వచ్చింది, ఇక చోటు లేదు. ఐసక్క సరుకంతా దుకాణం ముందు బల్ల మీద పెట్టి, బడి వదలగానే పిల్లలను పిలిచి పంచేసింది. “తినండర్రా, త్వరగా తినండి, ఎందుకని అడక్కండి,” అంటూనే ఉంది. పిల్లల్లో గుమాస్తా కొడుకు కూడా ఉన్నాడు. రెండు తిన్నాడు.

వేసవి చివర్లో కార్యాలయం వార్షిక ఫలితాలు ప్రకటించింది. ఆ వీధిలో వేడి పెంచే గ్యాస్ అమ్మకం పూర్తిగా ఆగిపోయింది. (గాల్లోకి వదిలింది అమ్మకం కాదు గనక లెక్కలోకి రాదు.) గ్యాస్ లేని ఫ్రీజర్ వల్ల వాతావరణానికి ఏ హానీ లేదని నిపుణులు తేల్చారు. ఐసక్కది ఆదర్శ దుకాణమైంది.

ఆకుపచ్చ స్టిక్కర్ అంటించడానికి పరిశీలకుడే వచ్చాడు. ఎండలో నడిచి వచ్చాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఫ్రీజర్ మూత మీద స్టిక్కర్ అంటించి, గాలి బుడగలు లేకుండా అరచేత్తో నొక్కాడు. మూత ఎత్తి చూస్తే లోపల తమ్ముడి పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి.

“చల్లగా ఏమైనా ఉందామ్మా?”

“ఈ చుట్టుపక్కల చల్లగా ఉన్నది మీ ఆఫీసొక్కటే సార్.”

పరిశీలకుడు జేబులోంచి కలం తీసి, ప్రజాభిప్రాయం అన్న గడిలో ‘సంతృప్తి’ అని రాసుకున్నాడు.