జగదీశ్వరరావు గారి అక్షర నిష్ఠ

నందిగాం దగ్గరి మా ఊళ్లో చట్టాన్ని గౌరవించే పెద్దమనిషి ఎవరంటే అందరూ జగదీశ్వరరావు గారి పేరే చెబుతారు. ఆయన ఎదుట ఇంకొకరి పేరు చెప్పిన వారు ఇంతవరకు లేరు.

ఆయన తన జీడితోటను పలాసలో కుట్టుపని చేసుకునే కెజియాకు అమ్మారు. టెక్కలిలో రిజిస్ట్రేషన్ సలక్షణంగా జరిగింది. కెజియా ఎండు చెట్లు తీయించి కొత్త మొక్కలు నాటింది, బోరు వేయించింది. బోరుకు కరెంటు అడగబోతే తెలిసింది: దస్తావేజులో తోట సర్వే నంబరుకు బదులు ఇంకో నంబరు పడింది, హద్దులూ దానివే దిగాయి. సవరణ దస్తావేజుకు అమ్మినాయన సంతకం కావాలి. ఈలోగా తోట పక్కనుంచి పెద్ద రోడ్డు పడింది. దాంతో ఆయనకు చట్టం మీద గౌరవం మరింత పెరిగింది.

“బాబూ, ఒక్క సంతకం ఎట్టండి. తప్పు లేఖరిది కదా,” అని బతిమాలింది కెజియా.

ఆయన పంచాయతీ ఆఫీసు మెట్లమీద నిలబడి పదిమందీ వినేలా సెలవిచ్చారు. “అమ్మా, కాయితమే దేవుడు. అందులో రాసింది నీది. రాయనిది నాది. నోటిమాటకి తోట ఒగ్గీసినామంటే రేపు సట్టం ఏటైపోద్ది?”

చట్టం ఏమైపోతుందోనని ఊరంతా బెంగపడింది. కెజియా ఏమైపోతుందోనని బెంగపడే తీరిక ఎవరికీ దొరకలేదు. మర్నాడే ఆయన మనుషులు జీడిపిక్కలు ఏరుకుపోయారు. తన తోటలోకి తననే రానివ్వకపోతే కెజియా రోడ్డుమీద నిలబడి ఏడ్చింది. దారినపోయేవాళ్లు ఓదార్చి, కాగితమే దేవుడని మరోసారి చెప్పి వెళ్లారు.

ఏడుపు ఆగాక ఆమెకో సందేహం వచ్చింది. కాగితంలో ఉన్న ఆ నంబరు భూమి ఎక్కడుందీ? అర్జీ పెట్టి సర్వేయరును రప్పించింది. ఆయన కొలుచుకుంటూ పోయి, జగదీశ్వరరావు గారి కొత్త మేడ చుట్టూ తిరిగి, ఇదేనన్నారు.

కెజియా కుట్టుమిషను తెచ్చి మేడ వరండాలో వేసుకుని జాకెట్టు కుట్టడం మొదలెట్టింది.

“ఏటే ఇది? ఎవలిల్లనుకున్నావు?” అని ఆయన కేకేశారు.

“కాయితమే దేవుడన్నారు కదా బాబూ. దేవుడు సూపించిన సోటే కూకున్నాను.”

మధ్యాహ్నానికల్లా ఆయన టెక్కలి వెళ్లి సవరణ దస్తావేజు మీద సంతకం చేశారు. ఒక ఆడకూతురికి తోట ధారపోసిన దాతగా ఊరు ఆయనకు సన్మానం చేసింది. దండ కెజియాయే వేయాలన్నారు. ఆమె తోటలో పనుందని రాలేదు. కృతజ్ఞత లేని మనిషని వక్తలు ఏకగ్రీవంగా విచారించారు.

సభ ముగియగానే జనం పరుగున ఇళ్లకు పోయి దస్తావేజులు పైకి తీశారు. తప్పులుంటే దిద్దుకుందామని కాదు. పొరపాటున పక్కవాడి ఇల్లేమైనా తమ పేర పడిందేమోనని.

మీరూ బీరువా వైపే చూస్తున్నారు కదూ?